కారవాన్ తగిలించుకుని ఎర్రమన్ను దాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

మేము మెల్‌బోర్న్‌లో ఉంటాం. కిందటి జూన్ చివర, ఇక్కడి చలికాలం సెలవుల్లో, కారు వెనక అద్దె కారవాన్ తగిలించుకుని బయలుదేరి 23 రోజుల తరవాత ఇల్లు చేరాం. మా వారు, నేను, పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి, అనకాపల్లి నుంచి వచ్చిన అత్తయ్య. అడిలైడ్, పోర్ట్ అగస్టా, కూబర్ పీడీ, ఉలూరు అనే పెద్ద ఎర్ర రాతికొండ, ఆలిస్ స్ప్రింగ్స్, మళ్ళీ వెనక్కి. మొత్తం 5,400 కిలోమీటర్లు. అప్పటి నుంచి పెళ్ళిళ్ళలో, పుట్టినరోజు భోజనాల్లో ఎదురైన ప్రతివారూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయి ఇవి రాస్తున్నాను. మనవాళ్ళు ఈ ప్రయాణంలో చేసే తప్పులు ముఖ్యంగా రెండు: ‘ఎందుకైనా మంచిది’ అని సామాను ఎక్కువ వేసుకోవడం, ‘ఎలాగూ వెళ్తున్నాం కదా’ అని రోజుకు ఎక్కువ దూరం పెట్టుకోవడం. రెండూ మేమూ చేశాం.

కారవాన్ అంటే సినిమా హీరోలు షూటింగులో కూర్చునే బండేనా?

అత్తయ్య కూడా అదే అనుకున్నారు. సినిమావాళ్ళది ఇంజిను ఉన్న బండి. ఇక్కడ కారవాన్ అంటే ఇంజిను లేని చిన్న ఇల్లు. కారు వెనక ఇనుప గుండు ఒకటి బిగించి దానికి తగిలిస్తారు. ఇల్లూ ఇంజినూ కలిసి ఉంటే దాన్ని మోటర్‌హోమ్ అంటారు. మా దాంట్లో ఒక పెద్ద మంచం, రైలు బెర్తుల్లాంటివి రెండు, పొయ్యి, ఫ్రిజ్, బీరువా అంత స్నానాలగది ఉన్నాయి. బండి కదులుతున్నప్పుడు కారవాన్‌లో ఎవరూ కూర్చోకూడదు. చట్టం ఒప్పుకోదు. వెనక హాయిగా పడుకుని వద్దామన్న అత్తయ్య ఆశ ఇంటి ముందే ఆవిరైపోయింది.

నాలుగు పడకలు, ఐదుగురు మనుషులు. మా వారు 23 రాత్రులూ పక్కన గుడారంలో పడుకున్నారు. దాన్ని ఆయన క్యాంపింగ్ అంటారు, అత్తయ్య వనవాసం అంటారు.

ఎప్పుడు వెళ్ళాలి?

దేశం నడిమధ్యకు అయితే మే నుంచి సెప్టెంబరు లోపు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలు విషయం. పిల్లల వేసవి సెలవులు అప్పుడే కదా అని వెళ్ళేవారున్నారు, మీరు మాత్రం వెళ్ళకండి. ఇంకా పైకి, డార్విన్ దాకా వెళ్ళాలనుకుంటే నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వర్షాకాలమని గుర్తుంచుకోండి. వరదలకు రోడ్లు మూసేస్తారు.

చలికాలంలో పగలు 20 డిగ్రీల దగ్గర చక్కగా ఉంటుంది. రాత్రి సున్నా కిందికి పోతుంది. ఎడారి కదా, చలేమిటి అని పలుచటి దుప్పట్లు తీసుకెళ్ళిన వారి జాబితాలో మా వారి పేరు మొదట ఉంటుంది.

రోజుకు ఎంత దూరం నడపవచ్చు?

మూడు వందల కిలోమీటర్లు. మరీ తప్పకపోతే నాలుగు వందలు.

మ్యాప్‌లో చూసి తొమ్మిది గంటలే కదా అనుకుంటారు. ఆ తొమ్మిది గంటలు వెనక ఏమీ లాగని కారుకు. కారవాన్‌తో గంటకు 90 మించి నడపాలనిపించదు, నడపకూడదు కూడా. మధ్యలో డీజిల్, పిల్లల ఆకలి, అత్తయ్య మోకాళ్ళు. జూలైలో సాయంత్రం ఆరు దాటితే చీకటి, చీకట్లో కంగారూలు. అందుకని నాలుగింటికల్లా చేరిపోవాలి.

మేము మొదటి రోజే మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ దాకా 730 కిలోమీటర్లు ఒక్క ఊపున వెళ్ళాలని చూశాం. రాత్రి పదిన్నరకు చేరాం. రాత్రికి ఆగాల్సిన కారవాన్ పార్కు ఆఫీసు మూసేసి ఉంది, అబ్బాయి ఏడుస్తున్నాడు, చీకట్లో కరెంటు పెట్టె కనబడలేదు. మర్నాడు మా వారు కాగితం మీద రాసుకున్న ప్రణాళిక తీసి సగం ఊళ్ళు కొట్టేశారు. అసలు సెలవు ఆ గీతలతోనే మొదలైంది. పోర్ట్ అగస్టా నుంచి కూబర్ పీడీ 540 కిలోమీటర్లను రెండు రోజులు చేసుకున్నాం. మధ్యలో లేక్ హార్ట్ అనే ఉప్పు సరస్సు ఒడ్డున ఆగాం. నీళ్ళు లేవు, తెల్లటి ఉప్పు మాత్రం కనుచూపు మేర. కొట్టేయకముందు ప్రణాళికలో ఆ పేరే లేదు.

మా కారు కారవాన్‌ను లాగుతుందా? బరువు లెక్క ఏమిటి?

ఇంటి ముందున్న మామూలు సెడాన్‌తో ఈ పని కాదు. లాగే శక్తి ఎంతో కారు పుస్తకంలో రాసి ఉంటుంది. పెద్ద డీజిల్ బండ్లకు 3,000, 3,500 కిలోలని కనిపిస్తుంది. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండకండి. కారులో మనుషులు, సామాను నిండితే కారూ కారవానూ కలిపి ఇంత మించకూడదని ఇంకో హద్దు ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు.

కారవాన్‌కు ఒక చిన్న రేకు పలక ఉంటుంది. దాని మీద రెండు అంకెలు ముఖ్యం. ఒకటి ఖాళీ బరువు, టేర్ అంటారు. రెండోది ఏటీఎం. డబ్బులిచ్చే యంత్రం కాదు, సామానుతో సహా ఎంత దాటకూడదో చెప్పే అంకె. మేము తీసుకున్నదానికి టేర్ 1,780, ఏటీఎం 2,200. తేడా 420 కిలోలు. ‘అబ్బో, చాలా ఉందే’ అనుకున్నాం. రెండు నీళ్ళ ట్యాంకులు నింపితే 160 పోయాయి. రెండు గ్యాస్ సిలిండర్లు 36. యజమాని తరవాత బిగించిన గుడ్డ పందిరి, రెండో బ్యాటరీ కలిసి 65. మిగిలింది 160 కిలోలకు కాస్త తక్కువ. పరుపులు, కుర్చీలు, గిన్నెలు, ఐదుగురి బట్టలు, మూడు వారాల తిండి అన్నీ అందులోనే ఇమడాలి.

బయలుదేరే ముందు రోజు లారీలు తూచే కాటా మీదికి ఎక్కించాం. 2,270. హద్దుకు 70 కిలోలు ఎక్కువ. ఇంటికి వచ్చి వాకిట్లో అన్నీ దించాం. ఇరవై కిలోల సోనా మసూరి బస్తా. పదకొండు కిలోల వెట్ గ్రైండర్. రెండు సైకిళ్ళు. రెండో కుక్కరు. ఇనుప పెనం ఉండగా ఇంకో ఇనుప పెనం. ఒక్కొక్కటి ఎందుకు పెట్టామని అడిగితే జవాబు ఒకటే, ఎందుకైనా మంచిదని. బియ్యం ఐదు కిలోలకు తగ్గించాం. దారిలో ప్రతి పట్టణంలోనూ బియ్యం దొరికాయి.

బరువు ఎక్కడ పెడుతున్నామన్నదీ లెక్కే. బరువైనవి చక్రాల ఇరుసుకు దగ్గరగా, కింద పెట్టాలి. వెనక చివర పెడితే వేగంలో కారవాన్ తోక ఊపడం మొదలుపెడుతుంది, ఆ తోక కారును కూడా ఊపుతుంది. కారు గుండు మీద పడే బరువు మొత్తంలో పదో వంతు దగ్గర ఉండేలా చూసుకోండి. 2,000 కిలోలు దాటిన కారవాన్‌కు అన్ని చక్రాలకూ బ్రేకులు, కొక్కెం ఊడిపోతే దానంతటదే ఆగే ఏర్పాటు తప్పనిసరి. అద్దెకు తీసుకునేటప్పుడు ఇవి పనిచేస్తున్నాయో లేదో దగ్గరుండి చూపించమని అడగండి. మొహమాటం వద్దు.

ప్రత్యేక లైసెన్సు కావాలా?

ఇంత చిన్న కారవాన్‌కు మామూలు కారు లైసెన్సు చాలు. కొత్తగా పి ప్లేటు (కొత్త డ్రైవర్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు) తెచ్చుకున్నవారికి కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నాయి. ఇండియా నుంచి వచ్చి నడపాలనుకునేవారు అంతర్జాతీయ పర్మిట్ కూడా తెచ్చుకుంటే మంచిది. అద్దెకిచ్చేవారి ఒప్పందంలో రాత్రిళ్ళు ఊరి బయట నడపకూడదని, మట్టి రోడ్ల మీదికి తీసుకెళ్ళకూడదని ఉండవచ్చు. చదివి సంతకం పెట్టండి.

ఏడేళ్ళ లోపు పిల్లలకు వయసుకు తగిన, ఆస్ట్రేలియా ప్రమాణం ఉన్న సీటు ఉండాలి. అమెరికా నుంచో ఇండియా నుంచో తెచ్చిన సీటు చెల్లదు.

రివర్స్ చేయడం కష్టమా?

సంసారానికి కష్టం.

పోర్ట్ అగస్టాలో మాకు రెండు కారవాన్‌ల మధ్య సందు ఇచ్చారు. మా వారు స్టీరింగ్ దగ్గర, నేను వెనక. నేను ‘ఇటు, ఇటు’ అంటున్నాను. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి ‘ఎటు ఇటు?’ అంటున్నారు. ‘ఎడమకండీ!’ అంటే ‘నీ ఎడమా, నా ఎడమా?’ అని. కారవాన్ అటు తిరగమంటే ఇటు తిరుగుతోంది. పక్కనున్న పెద్దాయన టీ కప్పు పట్టుకుని మడత కుర్చీ మా వైపు తిప్పుకుని కూర్చున్నాడు. కారవాన్ పార్కుల్లో సాయంకాలపు వినోదం ఇదేనని తరవాత తెలిసింది. ఆరోసారికి ఆయనే లేచి వచ్చి కిటికీ దగ్గర ఒక్క మాట చెప్పాడు. స్టీరింగ్‌ను పైన కాదు, అడుగున పట్టుకో. కారవాన్ వెనకభాగం ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. అంతే. ఏడోసారి లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి మేము రెండు నియమాలు పెట్టుకున్నాం. కుడి, ఎడమ అనే మాటలు వాడకూడదు. ‘డ్రైవరు వైపు’, ‘తలుపు వైపు’ అనాలి. అద్దంలో నేను కనబడకపోతే ఆయన బండి ఆపేయాలి. రెండోది పిల్లలు తిరిగే చోట చాలా ముఖ్యం.

దారిలో ప్రమాదాలు ఏమిటి?

మొదట రోడ్డు రైళ్ళు. పట్టాలుండవు, ఒక ట్రక్కు మూడు నాలుగు ట్రైలర్లను లాగుతుంది. నార్తర్న్ టెరిటరీలో 53.5 మీటర్ల పొడవు దాకా అనుమతి ఉంది. అది మనల్ని దాటిపోయేటప్పుడు గాలి ముందు తోస్తుంది, తరవాత లాగుతుంది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని తిన్నగా వెళ్ళడమే పని. దాన్ని మనం దాటాలంటే ఎదర కిలోమీటరుకు పైగా ఖాళీ కనబడాలి. మేము ఒక్కదాన్నీ దాటలేదు. వాళ్ళ పని వాళ్ళది, మనం సెలవు మీద ఉన్నాం. యూహెచ్ఎఫ్ రేడియో ఉంటే ట్రక్కులవాళ్ళు 40వ ఛానెల్‌లో ఉంటారు. వెనక వచ్చేవాడికి ‘చూశాను, దాటిపో’ అని చెబితే సంతోషిస్తాడు.

తరవాత జంతువులు. కంగారూలు తెల్లవారుజామున, మునిమాపున రోడ్డెక్కుతాయి. ఎదురొస్తే బ్రేకు వేయండి, బండి పక్కకు తిప్పకండి. రెండు టన్నుల కారవాన్ వెనక ఉండగా పక్కకు తిప్పితే బోల్తా పడేది మీరే. చచ్చిన కంగారూ మీద గద్దలు వాలి ఉంటాయి. ఇక్కడి పెద్ద గద్ద ఒళ్ళు బరువుతో మెల్లగా లేస్తుంది, కారు అద్దం ఎత్తుకు లేచేసరికి మనం వచ్చేస్తాం. దూరం నుంచే వేగం తగ్గించాలి. చాలాచోట్ల కంచెలుండవు కాబట్టి ఆవులూ రోడ్డు మీదే. ఆవులకు దారివ్వడం మనకు కొత్తేమీ కాదు.

ఇంకొకటి, ప్రమాదం కాదు. ఎదురొచ్చే డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు ఎత్తుతాడు. అది నమస్కారం. మీరూ ఎత్తాలి. మా అబ్బాయి వెనక సీట్లోంచి రెండు చేతులూ ఎత్తేవాడు.

రాత్రిళ్ళు ఎక్కడ ఆగాలి?

కారవాన్ పార్కుల్లో కరెంటు, నీళ్ళు, వేడినీళ్ళ స్నానాలగదులు, బట్టలు ఉతికే యంత్రాలు ఉంటాయి. మేము వెళ్ళినప్పుడు కరెంటు ఉన్న స్థలానికి ఐదుగురికి కలిపి 45 నుంచి 70 డాలర్లు తీసుకున్నారు. స్కూలు సెలవుల్లో ఉలూరు దగ్గర అప్పటికప్పుడు దొరకదు, నెలల ముందే తీసుకోండి. ఉలూరు పార్కు లోపల గుడారం వేయనివ్వరు. బయట యులారా అనే ఊళ్ళోనే ఆగాలి.

హైవే పక్కన ఉచితంగా ఆగే స్థలాలూ ఉన్నాయి. ఎన్ని గంటలు ఉండవచ్చో బోర్డు మీద రాస్తారు. కరెంటు ఉండదు, నీళ్ళు ఉండవు, కొన్నిచోట్ల మరుగుదొడ్డి కూడా ఉండదు. నాలుగు బండ్లు ఉన్నచోట మేమూ ఆగాం, ఒంటరిగా ఉన్నచోట ఆగలేదు. అడవి పుల్లలు ఏరి మంట వేసే ముందు ఆ రోజు నిప్పు నిషేధం ఉందేమో చూడాలి. నిషేధం ఉన్న రోజు బయట గ్యాస్ పొయ్యి మీద కూడా ఆంక్షలుంటాయి.

కొందరు రైతులు తమ స్టేషన్‌లో గుడారాలకు చోటిస్తారు. స్టేషన్ అంటే ఇక్కడ రైలుదీ కాదు, పోలీసులదీ కాదు. పశువుల మేత భూమి. కూబర్ పీడీకి తూర్పున ఉన్న అన్నా క్రీక్ స్టేషన్ 15,000 చదరపు కిలోమీటర్లకు పైనే. మన ఉమ్మడి విశాఖపట్నం జిల్లా కన్నా పెద్దది, ఒక్క ఆవుల దొడ్డి.

కరెంటు గురించి చిన్న మాట. కారవాన్ ప్లగ్గు 15 ఆంపియర్లది, దాని ఎర్త్ పుల్ల వెడల్పుగా ఉంటుంది. ఇంట్లో 10 ఆంపియర్ల సాకెట్‌లో పట్టదు. కొందరు ఆ పుల్లను ఆకురాయితో అరగదీస్తారు. చేయకండి, నేరం, పైగా తీగ కాలిపోతుంది. 15 ఆంపియర్లంటే దాదాపు 3,450 వాట్లు. హీటరు, కెటిల్, ఇండక్షన్ పొయ్యి మూడూ ఒకేసారి పెడితే కరెంటు పోతుంది. ఎవరి టీ ముందో తేల్చుకోవాలి.

వంట ఎలా? పప్పు, అన్నం కుదురుతాయా?

కుదురుతాయి, నీళ్ళు సహకరిస్తే.

దారిలో ఒక రోడ్‌హౌస్ (హైవే పక్కన బంకూ హోటలూ కలిసి ఉండే చోటు) దగ్గర ఆగిన రాత్రి కుళాయి నీళ్ళతో కందిపప్పు పెట్టాను. ఆరు విజిళ్ళు. మూత తీస్తే పలుకులు పలుకులుగానే ఉన్నాయి. ఇంకో ఆరు పెట్టాను. గరిటెతో ఎనిపితే కంకర ఎనిపినట్టుంది. ‘అమ్మాయ్, పప్పు పాతదేమోనమ్మా’ అన్నారు అత్తయ్య. ఇంటి దగ్గర అదే పొట్లంలోది మూడు విజిళ్ళకు వెన్నలా ఉడికింది. అప్పుడు అత్తయ్య కుళాయి నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసి, ‘చౌడు నీళ్ళు’ అని తేల్చారు. అవును, బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పప్పును మెత్తబడనివ్వవు. మర్నాడు అడిలైడ్‌లో పట్టుకున్న మంచినీళ్ళతో పెడితే నాలుగు విజిళ్ళకు ఉడికింది.

అప్పటి నుంచి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి తాగడానికి, వంటకు మాత్రమే అని విడిగా ఉంచాం. దానితో చేతులు కడిగితే అత్తయ్య ఊరుకునేవారు కాదు. మీకు బోరు నీళ్ళే గతి అయితే చిటికెడు వంట సోడా వేయండి, చింతపండు పప్పు ఉడికాకే వేయండి, లేదా పెసరపప్పు వండుకోండి. కొన్ని కుళాయిల మీద తాగకూడదని బోర్డు ఉంటుంది, దానితో పేచీ పెట్టుకోకండి.

దోసెల పిండి ఇంకో కథ. గ్రైండరు ఇంట్లోనే ఉండిపోయింది కాబట్టి పిండి రుబ్బి గడ్డకట్టించి తీసుకెళ్ళాను. బయట సున్నా కింద రెండు డిగ్రీలుంటే పిండి ఏం పొంగుతుంది? మర్నాడు డబ్బాను కారులో నా కాళ్ళ దగ్గర, హీటరు గాలి తగిలేలా పెట్టాను. కూబర్ పీడీ చేరేసరికి మూత లేచిపోయి చాప నిండా పిండి. మిగిలినదానితో ఊరి పార్కులో దోసెలు పోశాం. ఈ దేశంలో చాలా ఊళ్ళ పార్కుల్లో ఉచితంగా కరెంటు పెనాలుంటాయి, మీట నొక్కితే వేడెక్కుతాయి. పెద్ద స్టీలు పలక, ఒకేసారి నాలుగు దోసెలు. కాకపోతే ముందు దాని మీద ఎవరో మాంసం కాల్చి ఉంటారు. మేము కడిగి వాడుకున్నాం. శాకాహారులు అల్యూమినియం కాగితం పరిచి మీ పెనం దాని మీద పెట్టుకోండి.

కారవాన్ లోపల పోపు వేయకండి. ఎండుమిరపకాయ వేగగానే పొగ అలారం మోగుతుంది, పార్కంతా లేస్తుంది. పోపు బయటే.

శాకాహారులకు రోడ్‌హౌస్‌లో దొరికేవి బంగాళాదుంప వేపుళ్ళు, చీజ్ పెట్టి కాల్చిన రొట్టె. ఇంకేమీ ఆశించకండి.

పండ్లు, కూరగాయలు, పచ్చళ్ళు తీసుకెళ్ళవచ్చా?

దక్షిణ ఆస్ట్రేలియాలోకి పచ్చి పండ్లు, టమాటాలు, మిరపకాయలు, వంకాయలు తీసుకెళ్ళకూడదు. పండు ఈగ రాకుండా ఈ కట్టడి. మిల్డూరా వైపు నుంచి వస్తే యాంబా దగ్గర రాత్రింబవళ్ళు తనిఖీ ఉంటుంది. ఇతర దారుల్లోనూ ఆపి చూడవచ్చు, దొరికితే జరిమానా. వండినవాటికి ఇబ్బంది లేదు. మా అత్తయ్య సరిహద్దు ముందు రోజు ఉన్న వంకాయలన్నీ వండేశారు. మూడు పూటలు అదే కూర. ఆవకాయ సీసాను ఎవరూ అడగలేదు.

మరుగుదొడ్డి సంగతి?

అడగడానికి మొహమాటపడి అందరూ చివర అడిగే ప్రశ్న ఇది. కారవాన్ మరుగుదొడ్డి కింద సూట్‌కేసులాంటి తొట్టె ఉంటుంది, చక్రాలతో సహా. రెండు మూడు రోజులకొకసారి దాన్ని లాక్కెళ్ళి, డంప్ పాయింట్ అనే చోట మాత్రమే ఖాళీ చేయాలి. చెంబు నీళ్ళు వాడేవారికి తొట్టె తొందరగా నిండుతుంది. మేము నీళ్ళు చిమ్మే చిన్న సీసా వాడాం, రాత్రి అత్యవసరానికి తప్ప పార్కువే వాడుకున్నాం. ఖాళీ చేసే పని ఎవరిదన్నది బయలుదేరే ముందే తేల్చుకోండి. మా ఇంట్లో గుడారంలో పడుకునే మనిషిదే ఆ పని కూడా.

దారిలో డీజిల్ అయిపోతే, బండి ఆగిపోతే?

కనబడిన చోటల్లా నింపుకోండి, సగం ఉన్నా సరే. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా 250 కిలోమీటర్ల పైన బంకు లేదు. మధ్యలో రోడ్డు వూమెరా నిషేధిత సైనిక ప్రాంతం గుండా పోతుంది, హైవే దిగి లోపలికి వెళ్ళకూడదు. మా డీజిల్ బండి మామూలుగా వంద కిలోమీటర్లకు 11 లీటర్లు తాగుతుంది, కారవాన్‌తో 17 తాగింది. ఎదురుగాలి ఉన్న రోజు ఇంకా ఎక్కువ. పెట్రోలు బండివారికి ఎడారి ఊళ్ళలో కొన్నిచోట్ల పీలిస్తే మత్తెక్కించే ‘ఆరోమాటిక్’ పదార్థాలు తక్కువగా ఉండే పెట్రోలు మాత్రమే దొరుకుతుంది. పెట్రోలు పీల్చే వ్యసనాన్ని ఆపడానికి తెచ్చింది అది, బండికి ఏ హానీ లేదు.

బండి ఆగిపోతే బండిని వదిలి నడిచి వెళ్ళకండి. ఎడారిలో మనిషి కన్నా కారు తొందరగా కనబడుతుంది. మనిషికి రోజుకు పది లీటర్ల చొప్పున రెండు రోజుల నీళ్ళు విడిగా ఉంచుకోండి. ఇది మాత్రం నిజంగా ‘ఎందుకైనా మంచిది’.

ఫోను, వైద్యం? పెద్దవాళ్ళను తీసుకెళ్ళవచ్చా?

ఊళ్ళలో సిగ్నల్ ఉంటుంది, ఊళ్ళ మధ్య ఉండదు. టెల్‌స్ట్రా నెట్‌వర్క్ మిగతావాటికన్నా కాస్త దూరం పట్టింది. మ్యాపులు ముందే ఫోనులోకి దించుకోండి. అత్యవసరానికి 000. ఇండియాకు ఫోను చేసేవారికి లెక్క సులువు, అడిలైడ్ దాటాక చలికాలంలో తేడా సరిగ్గా నాలుగు గంటలు.

రోడ్డు మీద వైద్యం అంటే విమానమే. జాన్ ఫ్లిన్ అనే పాస్టరు 1928లో క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీ నుంచి మొదలుపెట్టిన ఎగిరే డాక్టరు సేవ ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడి 20 డాలర్ల నోటు మీద ఆయన బొమ్మ ఉంది. నోటు చూపించి చెబితే అత్తయ్యకు ధైర్యం వచ్చింది, నోటు తిరిగి ఇవ్వలేదు. పెద్దవాళ్ళకు విజిటర్ల బీమా తప్పనిసరిగా తీసుకోండి. మాత్రలు ప్రయాణానికి రెట్టింపు తెచ్చుకోమనండి. మాత్రలకు బరువుండదు.

కూబర్ పీడీలో ఏముంది?

ఒక రోజు చాలు, కాని ఆ రోజు తప్పనిసరి. 1915లో ఇక్కడ ఓపల్ అనే రంగురాళ్ళు దొరికాయి. ఎండ తట్టుకోలేక జనం కొండను తొలిచి ఇళ్ళు కట్టుకున్నారు, చర్చిలు కూడా భూగర్భంలోనే. బయట ఎంతున్నా లోపల ఇరవై నాలుగైదు డిగ్రీలు, ఏడాది పొడవునా. ఊరి చుట్టూ లోతైన గోతులు లెక్కలేనన్ని. ఫోటో కోసం వెనక్కి నడవవద్దని బొమ్మలతో బోర్డులు పెట్టారు. పిల్లల చేయి వదలకండి. నీళ్ళు ఇక్కడ కొనుక్కోవాలి, నాణెం వేస్తే గొట్టంలోంచి వస్తాయి. ఆ నీళ్ళతో పప్పు బాగా ఉడికింది.

ఉలూరు ఎక్కవచ్చా?

ఎక్కకూడదు. 2019 అక్టోబరు 26 నుంచి పూర్తిగా ఆపేశారు. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు అది పవిత్రమైన చోటు. 1985లో అదే తేదీన ఆ భూమిని వారికి తిరిగి అప్పగించారు. కొన్ని వైపుల నుంచి ఫోటో తీయవద్దని బోర్డులున్నాయి, పాటించండి.

ఎక్కడం ఎందుకు, చుట్టూ నడవండి. 10.6 కిలోమీటర్ల చదునైన దారి. పొద్దున్నే మాలా అనే చోట మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగినట్టు వెళ్ళమని సలహా ఇస్తారు. అది విని అత్తయ్య, ‘ప్రదక్షిణమే కదరా, దానికి గడియారం ఎందుకు?’ అని మా వారిని అడిగారు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా చేసిన మనిషి. ఇక్కడ మోకాళ్ళ మూలాన సగమే నడిచారు. ముటిజులు అనే నీటి మడుగు దగ్గర చాలాసేపు కూర్చున్నారు. లేచేటప్పుడు చిన్న ఎర్ర రాయి ఒకటి కొంగున కట్టుకున్నారు, ఇంట్లో దేవుడి దగ్గర పెట్టుకోవడానికి. అక్కడి నుంచి రాళ్ళు, ఇసుక తీసుకెళ్ళడం నేరం. తీసుకెళ్ళినవారు ఎందరో తరవాత క్షమాపణ ఉత్తరంతో పోస్టులో తిరిగి పంపుతుంటారని మా అమ్మాయి సాంస్కృతిక కేంద్రంలో చదివింది. అది చెప్పగానే అత్తయ్య ఏమీ అనలేదు. కొంగు విప్పి, రాయిని తీసిన చోటే, తీసిన వైపే పెట్టి వచ్చారు.

టికెట్టు మూడు రోజులకు చెల్లుతుంది, పిల్లలకు ఉచితం. పక్కనే ఉన్న కటా జూటా అనే రాతి గుట్టల గుంపు కూడా చూడండి. నాకైతే అదే ఎక్కువ నచ్చింది.

పిల్లలకు విసుగు రాదా?

వస్తుంది. మూడో రోజుకు టాబ్లెట్‌లో దించుకున్నవి అయిపోతాయి, నాలుగో రోజు గొడవ, ఐదో రోజు నుంచి కిటికీలోంచి చూడటం మొదలుపెడతారు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆకాశవాణి బడి లాంటిది ఒకటుంది. దూరపు స్టేషన్లలోని పిల్లలకు 1951 నుంచి రేడియోలో, ఇప్పుడు ఉపగ్రహ ఇంటర్నెట్‌లో పాఠాలు చెబుతున్నారు. పక్కింటి స్నేహితుడు రెండు వందల కిలోమీటర్ల అవతల ఉండే పిల్లలను చూసి మా అబ్బాయి వాళ్ళ మీద జాలిపడ్డాడు. తరవాత వాళ్ళకు సొంత గుర్రాలుంటాయని తెలిసి జాలి మానుకున్నాడు.

రాత్రిళ్ళు దీపాలార్పి ఆకాశం చూపించండి. జూలైలో తొమ్మిదింటికి వృశ్చికం సరిగ్గా నడినెత్తిన ఉంటుంది, మధ్యలో ఎర్రగా జ్యేష్ఠ. పాలపుంతలో చుక్కలు లేని నల్లటి మేర ఈమూ పక్షి ఆకారంలో ఉంటుంది, ఆదివాసులు చూసేది ఆ నలుపునే. అత్తయ్య ధ్రువ నక్షత్రం ఎక్కడని అడిగారు. ఇక్కడి నుంచి కనబడదని, భూమి అడ్డమని మా అమ్మాయి టార్చిలైటు, నారింజ పండుతో వివరించింది. ‘అయితే ఇక్కడి పెళ్ళిళ్ళలో ఏం చూపిస్తున్నార్రా?’ అన్నారు అత్తయ్య. ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఎంత ఖర్చవుతుంది? కొనాలా, అద్దెకా?

ఐదుగురం విమానంలో వెళ్ళి వారం రోజులు హోటల్లో ఉంటే అయ్యేంత అయింది. కాకపోతే మాకు 23 రోజులు వచ్చాయి. సుమారు 900 లీటర్ల డీజిల్ పెద్ద ఖర్చు, తరవాత అద్దె. మొదటిసారి మాత్రం కొనకండి. ఇంటి ముందు కదలకుండా నిలబడి ఉన్న కారవాన్‌లు మా వీధిలోనే మూడున్నాయి.

తిరిగి ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

నీళ్ళ ట్యాంకులు, మరుగుదొడ్డి తొట్టె ఖాళీ చేయాలి. ఎర్ర దుమ్ము తలుపు సందుల్లో, సొరుగుల అడుగున ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే పేస్టులా అంటుకుంటుంది, ముందు పొడి బ్రష్షుతో దులపండి. ఫ్రిజ్ ఆపేసి తలుపు తెరిచి ఉంచాలి. మేము ఆపాం, తలుపు మూసేశాం. మూడు రోజుల తరవాత యజమాని ఫోను చేశాడు. ఫ్రిజ్ కింది అరలో తెల్లటిదేదో మూత తోసుకుని పొంగి పొర్లిందట, అది ఏమిటని అడిగాడు.